మంగళం పాడే ముందు

చిరంజీవి చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

అమెరికా నల్లజాతి నాటక రచయిత్రి ఆలిస్ చిల్డ్రెస్ జీవితాన్ని హరికథగా చెప్పబోతున్నావని, అందుకోసం ఉద్యోగం కూడా మానేస్తానంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు ఒకపక్క గర్వంగానూ, మరోపక్క దిగులుగానూ ఉంది. ఉద్యోగం మానకు. న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేట అయిన హార్లెంలో, అమెరికన్ నీగ్రో థియేటర్‌లో ఏళ్ల తరబడి నటించిన ఆవిడే కడుపు నింపుకోవడానికి ఒకరి ఇళ్లలో పనిచేసింది, ఇన్సూరెన్సు ఏజెంటుగా తిరిగింది. రోజూ సాధకం చెయ్యి. ముఖానికి నల్లరంగు పూసుకోవద్దు. నువ్వు ఆమె కథ చెప్పేదానివే తప్ప ఆమె వేషం కట్టేదానివి కాదు. ఆమె భర్త నేథన్ వుడార్డ్ సంగీతకారుడు, ఆమె నాటకాలకు సంగీతం కూర్చినవాడు. కాబట్టి కథలో పాటకు చోటు వెతుక్కోనక్కరలేదు.

నా భయమంతా నీ ముగింపు గురించే. ఆమె రాసిన ‘ట్రబుల్ ఇన్ మైండ్’లో విలెట్టా అనే నల్లజాతి నటి ఒక నాటకం రిహార్సల్‌లో ఉంటుంది. కొడుకును చంపడానికి గుంపు తరుముకొస్తుంటే తల్లే వాణ్ణి బయటికి పంపే ఘట్టం అందులో ఉంది. ఏ తల్లీ అలా చెయ్యదని విలెట్టా ఎదురు తిరుగుతుంది. అంత నిప్పులాంటి నాటకానికి కూడా 1955లో న్యూయార్క్‌లో ఆడినప్పుడు నిర్మాతలు సుఖాంతం కావాలన్నారు, చిల్డ్రెస్ ఒప్పుకుంది, తరువాత నొచ్చుకుంది. 1957లో ఆ ఊళ్లోనే పెద్ద నాటకశాలలుండే బ్రాడ్‌వేకు తీసుకువెళతామంటూ ఇంకా మార్పులు అడిగితే మాత్రం ససేమిరా అంది. ప్రదర్శన ఆగిపోయింది.

ఆమె మొదట చేసిన తప్పే నేనూ చేశాను, కానీ దిద్దుకోలేదు. చాలా ఏళ్ల క్రితం ఉగాది సంబరాలకు ఒక నాటిక రాశాను. అత్తింట్లో దెబ్బలు తిని వచ్చిన కూతుర్ని తల్లి తిరిగి పంపనంటుంది. తలుపు గడియ పడటంతో తెర పడుతుంది. ప్రదర్శనకు గంట ముందు నిర్వాహకుడొకాయన వచ్చి, ‘పండగపూట జనాన్ని ఏడిపించి పంపుతామా అమ్మా’ అన్నాడు. మేకప్ గదిలో పౌడరు డబ్బా మీద కాగితం పెట్టుకుని చివరి పేజీ కొట్టేసి, అల్లుడు వచ్చి చేతులు పట్టుకున్నట్టూ తల్లి బొట్టు పెట్టి కూతుర్ని సాగనంపినట్టూ రాసిచ్చాను. చప్పట్లు మోగిపోయాయి. భోజనాల దగ్గర ఒక చిన్నది, పాతికేళ్లు కూడా ఉండవు, నిద్రపోతున్న పిల్లవాణ్ణి భుజాన వేసుకుని, వాడి బుల్లి చెప్పులు చేత్తో పట్టుకుని నా దగ్గరకు వచ్చి, ‘అక్కా, నిజంగా అలా మారతారా?’ అని అడిగింది. ఆమెకు చెప్పవలసిన జవాబును నేను గంట ముందే కొట్టేశాను. ‘తిన్నావా అమ్మా’ అని మాత్రం అడగగలిగాను. మళ్లీ ఆమె కనిపించలేదు.

నీ దగ్గరకూ అలాంటి నిర్వాహకులు ఎవరో ఒకరు వస్తారు. ‘ట్రబుల్ ఇన్ మైండ్’ 2021లో బ్రాడ్‌వే ఎక్కిందిగా, అక్కడ మంగళం పాడేస్తే అందరూ సంతోషంగా లేస్తారంటారు. చిల్డ్రెస్ 1994లోనే పోయిందన్న సంగతి వాళ్లకు అడ్డు. నువ్వు ఆ ఇరవై ఏడేళ్లనూ దాటవేయకు. అక్కడ తాళం ఆపి, 1994, 2021 అని ఆ రెండు సంవత్సరాలనూ మామూలు గొంతుతో చెప్పి, కాసేపు ఊరుకో. జనం ఇబ్బందిపడి కదిలినా నువ్వు తొందరపడవద్దు. ముగింపు మార్చకూడదన్న మాటను ఒప్పుకునే రోజే నిర్వాహకుల చేత కాగితం మీద రాయించుకో. మొహమాటపడ్డావంటే నా మీద ఒట్టే.

ఇంత గట్టిగా చెబుతున్నానని చిన్నబుచ్చుకోకు తల్లీ. నీ గొంతు మా అమ్మ గొంతు. ఆ గొంతుతో అబద్ధం వినలేను. చివరి ఘట్టం రాయడం పూర్తికాగానే, రాత్రి ఎంతవేళైనా సరే, ముందు నాకు ఫోనులో చదివి వినిపించు. మేలుకునే ఉంటాను.

నీ పెద్దమ్మ