స్వాతికి, చిత్రిక మెషిన్ కొనబోయే ముందు

చిరంజీవి స్వాతికి, గుంటూరు నుంచి మీ పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అన్నయ్యా, అమ్మాయి మందం చిత్రిక పట్టే మెషిన్ కొంటానంటోంది, నువ్వైనా చెప్పు" అన్నాడు. వద్దని చెప్పమన్నాడో, ఏది కొనాలో చెప్పమన్నాడో వాడికే తెలీదు. నేనైతే వద్దనను. మన ఇంట్లో ఇన్ని తరాలుగా కర్ర పట్టినవాళ్ళంతా మగవాళ్ళే. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ సెలవురోజున బల్లలు, బీరువాలు చేసే ఆడపిల్ల మా ఇంట్లో ఉందని పొద్దున్నే టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఫోనులో చెబితే సగం చెవిన పడదు, అందుకే రాస్తున్నా.

ముందు ఒక సంగతి తెలుసుకో. ఆ మెషిన్, అదే థిక్‌నెస్ ప్లానర్, పలకని అంతటా ఒకే మందానికి తెస్తుంది గానీ వంకర పలకని తిన్నగా చెయ్యదు. రోలర్లు పలకని కిందున్న బల్లకి అదిమి పట్టి లాక్కెళతాయి, పైనున్న బ్లేళ్ళు కింది ముఖానికి సమానంగా పై ముఖాన్ని కోస్తాయి. దాని పని అంతే. కింది ముఖం మెలి తిరిగి ఉంటే, అదిమినంతసేపూ అణిగి ఉంటుంది, బయటికి రాగానే మళ్ళీ లేస్తుంది. మందం అంతటా ఒకటే వస్తుంది, మెలి మాత్రం ఎక్కడిదక్కడే.

ఈ మాట నేను పుస్తకంలో చదవలేదు. కుర్రతనంలో నేను గుంటూరులో ఒక వర్క్‌షాపులో పనిచేసేవాణ్ణి, అక్కడ హెడ్ మేస్త్రి మీ తాతయ్యే. ఓనరు అప్పు చేసి పెద్ద మెషిన్ తెప్పించాడు. అదే సమయంలో బ్రాడీపేటలో కడుతున్న ఒక ఇంటికి తలుపులన్నీ చేసే పని ఒప్పుకున్నాడు. అప్పటిదాకా తాతయ్య ప్రతి పలకకీ మొదటి ముఖం చేత్తోనే చిత్రిక పట్టేవాడు. రెండు చివర్లా రెండు తిన్నటి పట్టీలు అడ్డంగా పెట్టి, కన్ను దించి చూసేవాడు. రెండు పట్టీల పై అంచులూ ఒకే గీతగా కనిపిస్తే మెలి లేనట్టు. ఒకటి ఏ పక్క లేస్తే ఆ మూల తీసేవాడు. ఓనరుకి అదంతా టైం దండగ అనిపించింది. "మెషిన్ ఉండగా చెయ్యెందుకు మేస్త్రీ, సామిల్లు నుంచి వచ్చింది వచ్చినట్టు తోసెయ్యండి" అన్నాడు. తాతయ్య రెండుసార్లు చెప్పిచూశాడు. మూడోసారి నోరెత్తలేదు.

పలకలు అద్దంలా నున్నగా వచ్చాయి, అందరం మురిసిపోయాం. కూసాలు, అంటే గాడిలో దూరే కొసలు, బిగించి మొదటి తలుపు నేలమీద పడుకోబెడితే మూడు మూలలే ఆనాయి. నాలుగో మూల కింద నా వేలు దూరింది. బందులు బిగిస్తే అదే సర్దుకుంటుందన్నాడు ఓనరు. తీసుకెళ్ళి నిలబెడితే పైన గుమ్మానికి తగులుతోంది, కింద అరంగుళం ఖాళీ. ఒక్క తలుపు కాదు, అన్నీ అలాగే. గృహప్రవేశం ముహూర్తం పెట్టేసుకున్నారు. ఆ ఇంటాయన ఒక్క మాట కూడా పరుషంగా అనలేదు. ఆయన తల్లి మాత్రం తలుపు దగ్గర నిలబడి "మూసుకోని తలుపుకి గడియ ఎందుకు నాయనా" అంది. తాతయ్య తల దించుకుని నిలబడ్డాడు. ఆయన్ని అలా నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

తలుపులన్నీ విప్పాం. మెలి తీసేసరికి మందం సన్నబడింది, సగం పలకలు తలుపులకి పనికిరాకుండా పోయాయి. కొత్త టేకుకి డబ్బు ఓనరే పెట్టుకున్నాడు. తప్పంతా మెషిన్‌దేనని దాన్ని వచ్చినకాడికి అమ్మేశాడు. మెషిన్ ఏం పాపం చేసిందమ్మా? తనకి ఇచ్చిన ముఖానికి సమానంగా కోసింది.

కాబట్టి నువ్వు మెషిన్‌తో పాటు మొదటి ముఖం తీసే దారి కూడా చూసుకోవాలి. ఇంకో పెద్ద మెషిన్ కొనక్కర్లేదు. పొడుగాటి ప్లైవుడ్ ముక్క తీసుకుని దానిమీద పలకని పెట్టు. ఊగే మూలల కింద పలచటి చీలికలు దోపి, జారకుండా జిగురు చుక్కలు పెట్టు. ప్లైవుడ్‌తో సహా తోస్తే కింద అణగడానికి చోటుండదు, పై ముఖం నిజంగా తిన్నగా వస్తుంది. అప్పుడు తిరగేసి, ప్లైవుడ్ తీసేసి రెండో ముఖం. కోత రెండు వైపులా సమానంగా పంచు, ఒక్కవైపే తీస్తే లోపలి తేమ బయటపడి మళ్ళీ వంగుతుంది. డిపో నుంచి తెచ్చిన కర్రని నీ షెడ్డులోనే పుల్లలు అడ్డంపెట్టి కొన్ని వారాలు ఆరనివ్వు.

ఏ మెషిన్ అంటావా? ఇంటికి పన్నెండు, పదమూడు అంగుళాల వెడల్పు చాలు. మకిటా 2012ఎన్‌బి 304 మిల్లీమీటర్లు పడుతుంది, 1650 వాట్లు, బరువు సుమారు 28 కిలోలు, నువ్వూ తమ్ముడూ కలిసి ఎత్తగలరు. డల్లాస్‌లో ఉన్న అక్కని డివాల్ట్ 735 పంపమన్నావట, అది మాత్రం మానుకో. మెషిన్ మంచిదే, మూడు బ్లేళ్ళు, రెండు వేగాలు. కానీ 42 కిలోల పెట్టె విమానంలో ఎవరు మోస్తారు? పైగా అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. దాన్ని నడపడానికి మూడు కెవిఎ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి. ఆటోనగర్‌లో కొట్టుకి వెళ్ళినప్పుడు ధర తర్వాత అడుగు, బ్లేళ్ళు స్టాకులో ఉన్నాయా అని ముందు అడుగు. ఒక జత అప్పుడే కొనుక్కో. టేకులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, బ్లేడు పదును తొందరగా తినేస్తుంది. పొడుగు బ్లేళ్ళకి బదులు చిన్న కార్బైడ్ ముక్కలు బిగించిన స్పైరల్ హెడ్ అయితే ఎక్కువకాలం నిలుస్తుంది, చప్పుడూ తక్కువ, కానీ ఖరీదు. మొదట మామూలు బ్లేళ్ళతో చెయ్యి కుదరనివ్వు.

ఎర్తింగ్ ఉన్న 16 యాంపియర్ల సాకెట్టు, సన్న ఎక్స్‌టెన్షన్ వైరు వద్దు. చెవులకి మఫ్లు, ముక్కుకి మాస్కు. పొట్టు బస్తాలకొద్దీ వస్తుంది, దాన్ని లాగే గొట్టం పెట్టించు. పలక చివర రెండు మూడంగుళాలు గుంట పడుతుంది, బయటికి వచ్చేటప్పుడు కొస కొంచెం ఎత్తి పట్టుకో, ఒకటి రెండంగుళాలు పొడుగే ఉంచుకుని తర్వాత కోసెయ్. నల్లమద్దికి ఈనె అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది, దాన్ని అర మిల్లీమీటరు చొప్పునే తియ్యి, ఆశపడితే పెచ్చులు లేస్తాయి.

ఇప్పుడు కోపంగానే చెప్తున్నా. తెనాలి వైపు కూలగొట్టిన మండువా ఇంటి దూలాలు చవగ్గా వస్తున్నాయని మురిసిపోతున్నావట. ఆ పాత టేకు బంగారమే, నేను కాదనను. కానీ తల విరిగిన మేకులు ఎక్కడ దాక్కున్నాయో కంటికి కనపడదు. అయస్కాంతంతో అంగుళం అంగుళం తడిమి చూసి, మెటల్ డిటెక్టర్ కూడా తిప్పాకే మెషిన్ దగ్గరికి తే. మేకు తగిలితే బ్లేడు అంచుకి గంటు పడుతుంది, ఆపైన ప్రతి పలకమీదా ఒక గీత లేస్తుంది. అది పోతే పోయింది, విరిగిన ముక్క ఎగిరి నీ కంటికి తగిలితే నేనేం చెయ్యను? రక్షణ కళ్ళద్దాలు లేకుండా స్విచ్చి వెయ్యకు. పలకకి ఎదురుగా కాదు, పక్కన నిలబడు. వంగి లోపలికి చూడకు. అడుగున్నర కంటే పొట్టి ముక్క పెట్టకు, అవతలి రోలరు అందుకునేలోపే ఇవతలి రోలరు వదిలేస్తుంది, ముక్క బ్లేళ్ళ కింద ఎగురుతుంది. పొట్టు అడ్డుపడితే ప్లగ్గు పీకి, తర్వాతే చెయ్యి పెట్టు. చున్నీ, గాజులు, గ్లౌజులు వద్దు, జడ ముడి వెయ్యి. నువ్వు చిన్నప్పుడు తాతయ్య చిత్రిక పడుతుంటే కింద కూర్చుని పొట్టు చుట్టలన్నీ ఏరి వేళ్ళకి ఉంగరాల్లా పెట్టుకునేదానివి. ఆ వేళ్ళు పదీ నాకు అలాగే కావాలమ్మా.

విజయవాడ సింగ్‌నగర్‌లో షెడ్డు కదా, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ఎంతవరకు వచ్చిందో గోడమీద చూశావుగా. మెషిన్ నేలమీద పెట్టకు. వానాకాలంలో పైకి ఎక్కించడానికి గట్టి అటక ఒకటి ముందే కట్టించు.

తాతయ్య చేత్తో పట్టే జాక్ చిత్రిక నా దగ్గరే ఉంది, పదును పెట్టి మీ నాన్న చేతికిచ్చి పంపుతున్నా. మెలి తిరిగి లేచిన మూలలకి అది చాలు. డబ్బు తగ్గితే వాణ్ణి అడక్కు, నాకు చెప్పు. మెషిన్ ఇంటికొచ్చాక నేను బస్సెక్కి వచ్చేదాకా ప్లగ్గు పెట్టొద్దు. మొదటి పలకకి టేకు కొనకు, మామిడి చెక్క తెచ్చి ఉంచు, పాడైనా బాధ ఉండదు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న