అల్లుడు రైటా? కొడుకు రైటా?

ప్రశ్న: సార్, మా అబ్బాయి షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటాడు. అమ్మాయీ అల్లుడూ డెట్రాయిట్ దగ్గర ట్రాయ్‌లో ఉంటారు. మొన్న వేసవిలో రెండిళ్లలోనూ ఉండి వచ్చాను. బావా బావమరుదులిద్దరూ కలిస్తే చాలు, బేస్‌బాల్ మీద గొడవ. రైన్ శాండ్‌బర్గ్ గొప్పా, లూ విటేకర్ గొప్పా అని. ఇద్దరూ సెకండ్ బేస్‌మన్లేనట. "శాండ్‌బర్గ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు, మీవాడు లేడు, ఇంకేం మాట్లాడతావ్ బావా" అంటాడు మావాడు. "లెక్కలు తీసి చూడు" అంటాడు అల్లుడు. నాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలీదు. మీరైనా తేల్చండి. (కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: భలే ఇరుకులో పెట్టారండీ. అల్లుడి వైపు చెబితే కొడుకు ఊరుకోడు, కొడుకు వైపు చెబితే అల్లుడు అలుగుతాడు. అయినా అడిగారు కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. ముందు రెండు మాటలు: బ్యాటర్ పరిగెత్తి వరసగా చేరాల్సిన నాలుగు మజిలీలే బేస్‌లు, రెండోదాని దగ్గర ఫీల్డింగ్ చేసేవాడు సెకండ్ బేస్‌మన్. హాల్ ఆఫ్ ఫేమ్ అంటే రిటైరైన మేటి ఆటగాళ్లకి దక్కే శాశ్వత గౌరవం.

ముందు మీ అబ్బాయి వాదన చూద్దాం, అది చిన్నదేం కాదు. 1982 జనవరిలో ఫిలడెల్ఫియా, షికాగో జట్లు ల్యారీ బోవా, ఐవాన్ డి హేసూస్ అనే ఇద్దరు షార్ట్‌స్టాప్‌లను (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్లను) మార్చుకున్నాయి. ఆ బేరంలో షికాగో కబ్స్ కొసరు అడిగింది. ఆ కొసరుగా వచ్చిన కుర్రాడే శాండ్‌బర్గ్. అప్పటికి పెద్ద లీగ్‌లో అతను కొట్టింది ఒకే ఒక్క హిట్, అంటే బంతి కొట్టి బేస్ చేరింది ఒక్కసారే. అసలు సరుకు ఎవరో తర్వాత ఏళ్లలో అందరికీ అర్థమైంది. 1984లో నేషనల్ లీగ్ ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు. లీగ్ మేటివాళ్లతో ఏటా కట్టే ఆల్‌స్టార్ జట్టులో వరసగా పదిసార్లు చోటు, ఫీల్డింగ్‌కి ఇచ్చే గోల్డ్ గ్లవ్ వరసగా తొమ్మిది. 1985లో 54 బేస్‌లు దొంగిలించాడు. ఇక్కడ దొంగతనం నేరం కాదండోయ్, పిచర్ బంతి వేసే సందులో తర్వాతి బేస్‌కి పరిగెత్తడం. అదే మనిషి 1990లో 40 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టి లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. కాళ్లూ చేతులూ రెండూ అంతలా పనిచేసినవాడు సెకండ్ బేస్‌లో అరుదు.

ఇక విటేకర్. 1977 నుంచి 1995 దాకా 19 సీజన్లు, అన్నీ డెట్రాయిట్ టైగర్స్‌కే. 1978లో అమెరికన్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడు. ఆల్‌స్టార్ అయిదుసార్లు, గోల్డ్ గ్లవ్స్ మూడు. ఎంవీపీ ఓటింగ్‌లో ఎప్పుడూ 8వ స్థానం కన్నా పైకి రాలేదు. కప్పులూ బిరుదులూ లెక్కపెడితే మీ అబ్బాయి గెలిచేసినట్టే, భోజనాలకి లేవొచ్చు.

కానీ అల్లుడు చూడమన్నది కప్పులు కాదు కదా, అంకెలు. చూద్దాం. కెరీర్ మొత్తం మీద శాండ్‌బర్గ్ హిట్లు 2,386, విటేకర్ హిట్లు 2,369. అన్నేళ్లు ఆడితే తేడా 17. హోమ్ రన్లు 282, 244. బ్యాటింగ్ సగటు, అంటే ఛాన్సుల్లో ఎంత వంతు హిట్లో చెప్పే అంకె, 0.285, 0.276. ఇక్కడిదాకా శాండ్‌బర్గే కాస్త పైన. పేపర్లో స్కోర్ కార్డు చూసేవాళ్ల కన్ను ఇక్కడే ఆగిపోతుంది, ఆ రోజుల్లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఓట్లేసిన చాలామంది కన్ను కూడా ఇక్కడే ఆగిపోయిందని నా అనుమానం.

ఆగకుండా పక్క గడి చూడండి. దాన్ని వాక్ అంటారు. పిచర్ నాలుగు బంతులు అడ్డదిడ్డంగా వేసి, బ్యాటర్ వాటి జోలికి పోకుండా నిలబడితే ఫస్ట్ బేస్ ఉచితంగా ఇచ్చేస్తారు. మన వైడ్ లాంటిదే అనుకోండి, కాకపోతే మనదగ్గర వైడ్ రన్ను ఎక్స్‌ట్రాల్లోకి పోతుంది, బ్యాటర్‌కి పైసా రాదు. బేస్‌బాల్ సగటులోనూ అంతే, వాక్ వస్తే ఆ ఛాన్సును అసలు లెక్కలోకే తీసుకోరు. కానీ బేస్ మీద మనిషి ఉన్నాడా లేడా అన్నదే ఆటలో ముఖ్యం, ఎలా వచ్చాడన్నది తర్వాతి మాట. శాండ్‌బర్గ్ వాక్‌లు 761. విటేకర్ వాక్‌లు 1,197. హిట్లలో 17 వెనకబడ్డవాడు ఇక్కడ 436 ముందున్నాడు!

అయితే విటేకర్‌కి ఛాన్సులు కూడా ఎక్కువే దొరికాయి, 9,282కి 9,967. అందుకని నిష్పత్తి చూడాలి. వందసార్లు బ్యాట్ పట్టుకుని నిలబడితే శాండ్‌బర్గ్ 34 సార్లు బేస్ చేరాడు, విటేకర్ 36 సార్లు. కచ్చితంగా చెప్పాలంటే ఆన్‌బేస్ శాతాలు 0.344, 0.363. రెండే కదా అనుకోకండి. సీజన్‌కి ఆరేడు వందల ఛాన్సులు వస్తాయి, అంటే ఏడాదికి పదీ పదిహేనుసార్లు అవుట్ అవ్వాల్సిన చోట బేస్ మీద ఉన్నాడన్నమాట. ఎదురుగా శాండ్‌బర్గ్‌కి దెబ్బలో బరువు ఎక్కువ, హిట్లతో సగటున ఎన్ని బేస్‌లు సంపాదించాడో చెప్పే స్లగ్గింగ్ 0.452కి 0.426. ఈ రెండూ కూడితే వచ్చేదాన్ని ఓపీఎస్ అంటారు: శాండ్‌బర్గ్ 0.795 (విడి అంకెల్ని గుండ్రం చేయడంతో 0.001 తేడా), విటేకర్ 0.789. మళ్లీ మీవాడే గడ్డి పోచంత ముందు.

ఇప్పుడు గ్రౌండు సంగతి. చిన్నస్వామి స్టేడియంలో కొట్టిన 50నీ చెన్నైలో మందకొడి పిచ్ మీద కొట్టిన 50నీ ఒకే తక్కెడలో వేస్తామా? కబ్స్ సొంత గ్రౌండు రిగ్లీ ఫీల్డ్ బ్యాటర్లకి అత్తారిల్లు. శాండ్‌బర్గ్ అక్కడ సగటు 0.300, బయట 0.269. ఓపీఎస్‌ని గ్రౌండుకీ, ఆ ఏటి లీగ్ స్థాయికీ సరిచేసి, మామూలు ఆటగాడిని 100గా పెట్టి చూపే అంకె ఒకటుంది, ఓపీఎస్ ప్లస్. అందులో శాండ్‌బర్గ్ 114, విటేకర్ 117. తిరగబడింది చూశారా! న్యాయంగా ఒకమాట చెప్పాలి, డెట్రాయిట్ పాత టైగర్ స్టేడియంలో రైట్ ఫీల్డ్ పై అంతస్తు గ్రౌండు మీదికి పొడుచుకొచ్చి ఉండేది, విటేకర్ ఎడమచేతి బ్యాటర్, ఆ చూరు అతనికీ చాలాసార్లు పనికొచ్చే ఉంటుంది.

ఇక చివరి రోజుల తీరు. శాండ్‌బర్గ్ 1994లో సగటు 0.238 దగ్గర ఉండగా సీజన్ మధ్యలోనే జూన్‌లో రిటైరైపోయాడు, 1996లో తిరిగొచ్చి 25 హోమ్ రన్లు కొట్టాడు గానీ సగటు 0.244. విటేకర్ 36 ఏళ్ల వయసులో 1993లో ఆన్‌బేస్ 0.412. ఆఖరి రెండేళ్లు సగటు 0.301, 0.293. ఎడమచేతి పిచర్లు వచ్చినప్పుడు అతన్ని తరచూ పక్కన కూర్చోబెట్టేవారు, అది కొంత కాపాడింది, అయినా ఆ వయసులో ఆ ఆట మాటలు కాదు.

మరి హాల్ ఆఫ్ ఫేమ్? అక్కడే నాకు మంట. పదేళ్ల అనుభవమున్న బేస్‌బాల్ విలేకరులు ఓట్లేస్తారు, 75 శాతం వస్తే లోపలికి, 5 శాతం రాకపోతే ఆ జాబితాలో మళ్లీ పేరుండదు. శాండ్‌బర్గ్‌కి మూడేళ్లలో 49.2, 61.1, 76.2 శాతం వచ్చి 2005లో ప్రవేశం దొరికింది. విటేకర్‌కి 2001లో 515 ఓట్లలో 15. అంటే 2.9 శాతం. ఒక్క ఏడాదితో తలుపు మూసేశారు. తర్వాత పాతవాళ్ల కేసులు చూసే 16 మంది కమిటీ ముందుకు 2019 డిసెంబర్‌లో పేరు వస్తే 6 ఓట్లు పడ్డాయి, కావాల్సింది 12. ఇంకా తమాషా, 1977 సెప్టెంబర్‌లో విటేకర్‌తో ఒకే మ్యాచ్‌లో మొదలుపెట్టి 19 సీజన్లు పక్కనే షార్ట్‌స్టాప్‌గా ఆడిన అలన్ ట్రామెల్‌ని మాత్రం 2018లో చేర్చుకున్నారు. ఆ జంట కలిసి ఆడినవి 1,918 మ్యాచ్‌లు. జోడెద్దుల్లో ఒకదానికే గంట కట్టినట్టుంది.

ఎందుకిలా అంటే, శాండ్‌బర్గ్ ఆట దేశమంతా కనిపించేది. కబ్స్ మ్యాచ్‌లు పగటిపూట డబ్ల్యూజీఎన్ కేబుల్ చానెల్‌లో ఊరూరా వచ్చేవి, బడి నుంచొచ్చిన పిల్లలు టీవీ పెడితే అతనే. పైగా 1984 జూన్ 23న, దేశమంతా చూస్తున్న మ్యాచ్‌లో, ఆ రోజుల్లో కొరకరాని కొయ్య అయిన పిచర్ బ్రూస్ సటర్ బంతుల్ని తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒకసారి, పదో ఇన్నింగ్స్‌లో ఇంకోసారి బయటికి కొట్టి రెండుసార్లూ స్కోరు సమం చేశాడు. 7 రన్లు తెచ్చాడు, కబ్స్ 12-11తో గెలిచింది. ఆ మ్యాచ్‌ని ఇప్పటికీ శాండ్‌బర్గ్ గేమ్ అనే పిలుస్తారు. విటేకర్‌కి అలాంటి ఒక్క మధ్యాహ్నం లేదు. అతనిది నెలజీతగాడి ఆట, రోజూ టైముకొచ్చి పనిచేసి పోయే రకం. కానీ అదే 1984లో నేషనల్ లీగ్ ఫైనల్ సిరీస్‌లో సాన్ డియాగో జట్టు 2-0తో వెనకబడి కూడా కబ్స్‌ని 3-2తో ఇంటికి పంపింది, అదే సాన్ డియాగోని రెండు లీగ్‌ల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్‌లో విటేకర్ టైగర్స్ 4-1తో చితక్కొట్టింది. అల్లుడు ఈ ముక్క ఎప్పుడూ ఎత్తలేదా? ఆశ్చర్యమే.

నా తీర్పు అడిగితే, ఒక్క ఏడాదికి జట్టు కట్టమంటే శాండ్‌బర్గ్‌నే తీసుకుంటాను, రెండో ఆలోచన లేదు. ఇద్దరి కెరీర్లూ ముందు పెట్టి ఒకటి ఎంచుకోమంటే విటేకర్‌ది, వెంట్రుకవాసి తేడాతో. కాబట్టి అల్లుడు రైటు. కానీ శాండ్‌బర్గ్ 2025 జులైలో, 65 ఏళ్లకే పోయాడు. మీవాడు చిన్నతనం నుంచీ కాకపోయినా అభిమానించినవాడే, కాస్త చూసి చెప్పండి.

ప్రశ్న: బేస్‌బాల్ వ్యాసాల్లో "వార్" అనే అంకె పదేపదే కనిపిస్తోంది. యుద్ధానికీ దీనికీ సంబంధం ఉందా? (విశాఖపట్నం నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: యుద్ధమేం లేదమ్మా, ఆ అంకె మీద అభిమానుల మధ్య జరిగేది తప్ప. ఒక ఆటగాడు లేకపోతే కింది లీగ్ నుంచి తక్కువ జీతానికి దొరికే మనిషితో ఆ చోటు నింపాలి కదా, అలాంటివాడికన్నా ఇతను జట్టుకి ఎన్ని గెలుపులు అదనంగా తెచ్చాడన్నదే వార్ (విన్స్ అబవ్ రీప్లేస్‌మెంట్). బ్యాటింగ్, పరుగు, ఫీల్డింగ్ అన్నీ రన్లలోకి మార్చి, సుమారు పది రన్లకి ఒక గెలుపు చొప్పున లెక్కగడతారు. పై ప్రశ్నలోని ఇద్దరినే తీసుకో. బేస్‌బాల్ రెఫరెన్స్ అనే వెబ్‌సైట్ లెక్కలో విటేకర్ 75.1, శాండ్‌బర్గ్ 68.0. అదే ఒక్కొక్కరి మేలైన ఏడు సీజన్లే కలిపితే శాండ్‌బర్గ్ 47.1, విటేకర్ 37.9. ఒకరిది ఎత్తు, ఇంకొకరిది పొడవు. జాగ్రత్త ఒకటి, పాత సీజన్ల ఫీల్డింగ్ అంకెలు అంచనాలే, ఇప్పటిలా కెమెరాలు లేవు. కాబట్టి రెండు మూడు పాయింట్ల తేడాకి జుట్లు పట్టుకోకు. గోల్డ్ గ్లవ్స్‌దీ అదే కథ, అప్పట్లో అవి మేనేజర్లూ కోచ్‌లూ వేసే ఓట్లే, ఒకసారి పేరొస్తే ఏళ్ల తరబడి వాళ్లకే పడుతుండేవి. విటేకర్ లీగ్‌లో కాన్సాస్ సిటీ సెకండ్ బేస్‌మన్ ఫ్రాంక్ వైట్ ఒక్కడే ఎనిమిది పట్టుకుపోయాడు.

ప్రశ్న: సెకండ్ బేస్‌మన్‌ని క్రికెట్‌లో ఎవరితో పోల్చొచ్చు? (గుంటూరు నుంచి)

జవాబు: వికెట్ కీపర్‌తో. పని తీరు వేరు, కానీ ముందు చేతుల పని చూసి జట్టులోకి తీసుకుంటారు, బ్యాటింగ్ వస్తే పండగే. ఆ పండగ రోజూ చేసినవాళ్లే పైవాళ్లిద్దరూ.

ప్రశ్న: మా మనవడు మిషిగన్‌లో టైగర్స్ అభిమాని. పుట్టినరోజుకి విటేకర్ జెర్సీ పంపుదామంటే ఏ నంబర్ అడగాలో తెలీదు. (హైదరాబాద్ నుంచి ఒక అమ్మమ్మ)

జవాబు: నంబర్ 1 అమ్మా. 2022 ఆగస్టులో టైగర్స్ ఆ నంబర్‌ని ఇంకెవరికీ ఇవ్వకుండా అతని పేరు మీదే ఉంచేశారు. అయితే ముద్రించింది కొనకండి. 1985లో మినియాపోలిస్‌లో ఆల్‌స్టార్ మ్యాచ్‌కి వెళ్తూ విటేకర్ తన బట్టల సంచీ ఇంటి దగ్గర కారు వెనక సీట్లోనే మర్చిపోయాడు. చేసేదిలేక, అభిమానులకి అమ్మే టైగర్స్ జెర్సీ ఒకటి స్టేడియంలో సంపాదించి, వీపు మీద మార్కర్‌తో 1 అని గీసుకుని దేశమంతా చూస్తుండగా ఆడేశాడు. ఆ జెర్సీ ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. మీరూ వీపున ఏమీ లేని జెర్సీ తీసుకుని, ఓ నీలం మార్కర్‌తో 1 అని మీ చేత్తోనే గీసి పంపండి. గీత కాస్త వంకర పోయినా ఏం పర్వాలేదు.