చివరి పేరా మళ్లీ రాయి తమ్మీ

తమ్మీ,

నీ వ్యాసం రాత్రి రెండుసార్లు చదివిన. మీ పెద్దనాయిన రక్తం కక్కుకుంటుంటే మీ పెద్దమ్మ తాంబాళం పట్టుకొని నిలబడ్డ కాడ కొంచెంసేపు ఆగిపోయిన. కానీ చివర్ల "బ్యాండ్లు వేశారు, పూర్తిగా నయమైంది" అని రాసినవ్ చూడు, ఆ ఒక్క మాటకే ఈ ఉత్తరం.

నయం గాలే తమ్మీ. లివర్ గట్టిపడి, రక్తం దాంట్లకెల్లి పోలేక వెనక్కి తన్నితేనే గదా అన్నవాహికల రక్తనరాలు ఉబ్బేది. డాక్టరు నోట్లకెల్లి ఎండోస్కోపీ గొట్టం దింపి, ఆ ఉబ్బును దాంట్లకు పీల్చి ఉబ్బు మెడకు రబ్బరు రింగు ఏస్తడు, అదే బ్యాండ్, కొన్ని రోజులకు అది ఎండి రాలిపోతది. రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఇట్ల ఏసుకుంట పోతే లోపల చూడనీకి అంతా సాఫ్. వెనక ఒత్తిడి మాత్రం అట్లనే ఉంటది. చెరువు కట్టకు గండి పూడ్చినవ్, నీళ్లు తగ్గలే, మరి కట్ట కింద ఊట ఉన్నదో లేదో పైకెల్లి చూస్తే ఏం తెలుస్తది?

ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చూసేది ఆ ఊటనే. గొట్టం కొసకు స్కానింగ్ ప్రోబ్ ఉంటది, గోడ అవతలి నరాలు ఎంత లావున్నయ్, గోడను పొడుచుకొని లోపలికొచ్చే నరాలు ఇంకా మిగిలినయా అని చూపెడ్తది. బ్యాండ్ల తర్వాత గూడ అవి లావుగనే ఉంటే మళ్ల ఉబ్బే అవకాశం ఎక్కువ. ఇది అందరికీ చేసే పరీక్ష గాదు, మామూలోళ్లకు ఎండోస్కోపీనే దిక్కు: ఉబ్బిన నరాలు పోయినంక 3 నుంచి 6 నెలలల్ల ఒకసారి, తర్వాత 6 నుంచి 12 నెలలకోసారి, డాక్టరు రాస్తే ఆ వెనక ఒత్తిడిని తగ్గించే ప్రొప్రనొలాల్ లేకుంటే కార్వెడిలాల్ గోలీలు. నీ వ్యాసంల ఇదేది?

మా చిన్నాయినకు గూడ ఇట్లనే బ్యాండ్లు ఏసిన్రు, ఆ సంగతి నేనొక పత్రికకు రాసిన. "మళ్ల రావొచ్చు, చెకప్ మానొద్దు" అన్న చివరి లైను ఎడిటర్ కొట్టేసి "క్షేమంగా ఇంటికి చేరుకున్నారు" అని ఏసిండు, చదివెటోళ్లకు ఆశ ఉండాలె అన్నడు. ఆయనను ఇప్పటికీ క్షమించలే. చిన్నాయిన ఆ కాగితం మడతపెట్టి అంగీ జేబుల ఏసుకొని దేవరకొండ బస్టాండ్ కాడ కనవడ్డోళ్లకల్లా చూపెట్టిండు, చెకప్‌కు మాత్రం పోలే. ఎనిమిది నెలలకు లోపల మళ్ల రక్తం కారి తారులెక్క నల్లగ విరేచనాలు మొదలైనయ్, హైదరాబాద్‌కు తీస్కపోతుంటే తొవ్వల మాల్ ఊరు దాటకముందే పానం పోయింది. కాగితం జేబులనే ఉండె.

కలంపేరు పెట్టుకోవాల్నా అని అడిగినవ్, అది తర్వాత. మీ పెద్దనాయిన ఆఖరిసారి ఎండోస్కోపీ ఎప్పుడు చేయించుకున్నడో ముందు కనుక్కొని ఆ తారీఖు నాకు రాయి.