లేత్ కొన్నావంట గదా పాపా

ఉదయగిరి
శుక్రవారం రాత్రి

పాపా,

పొద్దున మీ అమ్మ ఫోన్ చేసింది. ఒంగోల్లో మీ ఇంటి వెనక రేకుల గదిలో చెక్కని గిరగిరా తిప్పే లేత్ మిషన్ పెట్టావని, వీడియోలు చూస్తూ చెక్క గిన్నెలు పట్టడం నేర్చుకుంటున్నావని చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె గొంతులో సంతోషముంది, భయమూ ఉంది. నాకూ అంతే. మధ్యాహ్నం అన్నం సయించలేదు. ఫోన్లో చెబితే నువ్వు సగం వింటావు, పక్కనే మీ అమ్మ ఉంటుంది. ఆమె ముందు చెప్పలేని సంగతి ఒకటుంది. అందుకే రాస్తున్నాను.

మా నాన్న దాన్ని లేత్ అనేవాడు కాదు, తరిమెన అనేవాడు. మంచం కోళ్లు, ఉయ్యాల కోళ్లు, పప్పుగుత్తులు, బొంగరాలు అన్నీ దాని మీదే పట్టాడు. నా తర్వాత మనింట్లో ఆ పని చేసేవాళ్లు లేరనుకున్నాను. నా కొడుకులిద్దరూ ఉలి ముట్టలేదు. నువ్వు ముట్టావు. ఆ మాట విన్నాక పాత షెడ్డు తాళం తీసి కాసేపు లోపల కూర్చుని వచ్చాను.

తెలిసినవే ముందు చెప్పేస్తాను. ముఖానికి అద్దం తొడుగు లేకుండా స్విచ్ వెయ్యొద్దు. ముక్కుకి మాస్కు కట్టుకో, వేప పొట్టు పీలిస్తే రెండు రోజులు తుమ్ముతావు. చెక్కని పట్టి ఉంచే చక్‌ని బిగించిన తాళంచెవి తీశావో లేదో చూసుకో. కరెంటు పెట్టే ముందు చెక్కను చేత్తో ఒక చుట్టు తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూసుకో. ఉలి ఆనించే కడ్డీని మిషన్ ఆగాకే జరుపు. చేతికి గ్లౌజులు వద్దు. గాజులు, ఉంగరం, గుడిలో కట్టిన దారం తీసి పక్కన పెట్టు. జడ ముడేసి బట్ట కట్టుకో. చున్నీ గదిలోకే తేవద్దు. ఈ ఆఖరి మాట రెండుసార్లు చదువు.

వేగం సంగతి వీడియోల్లో సరిగ్గా తెలియదు. గిన్నె అడ్డకొలత అంగుళాల్లో తీసుకుని, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో దానితో హెచ్చవేస్తే 6000కి, 9000కి మధ్య ఉండాలి. అంటే 8 అంగుళాల గిన్నెకి 750 నుంచి 1100 దాకా. చెక్క ఇంకా ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు 500 చాలు. అదే గిన్నెని 3000 మీద తిప్పావంటే దాని అంచు గంటకి 115 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. మీ ఊరి పక్క హైవే మీద కార్లు పోయే వేగం అది. అందులోంచి ఒక ముక్క ఊడితే ఎట్టా వస్తుందో ఊహించుకో. అందుకే స్విచ్ వేసేటప్పుడు చెక్కకి ఎదురుగా కాదు, పక్కకి నిలబడాలి.

అసలు గిన్నెతో మొదలు పెట్టడమే నాకు నచ్చలేదు. మీ అమ్మ చెప్పగానే కోపమొచ్చింది. గిన్నెలో పోగు, అంటే చెక్క నార, అడ్డంగా ఉంటుంది. ఒక్క చుట్టులో రెండుసార్లు ఉలికి ఎదురు తిరుగుతుంది. అది చెయ్యి కుదిరినవాళ్ల పని. ముందు నిలువు పోగుతో అప్పడాల కర్ర పట్టు. పది పట్టు. తర్వాత పప్పుగుత్తి పిడి. లావు నుంచి సన్నానికి దిగుతూ కొయ్యాలని, ఎదురెక్కితే పోగు లేస్తుందని అప్పుడు చేతికే తెలుస్తుంది. ఉలి మొన వెనకుండే వాలు ముందు చెక్కకి ఆనించు, ఆ తర్వాత పిడి మెల్లగా పైకెత్తు, అప్పుడు కోస్తుంది. మొన మొదట పెట్టావా, కొరికేస్తుంది. ఉలి చేతిలోంచి లాక్కుంటుంది.

వీడియోల్లో ఒక పని చూపించరు, పాపా. సాన. ఉలి ఎప్పుడూ తళతళలాడుతుంటుంది, చెక్క రిబ్బన్లా రాలుతుంటుంది. మధ్యలో ఆ మనిషి ఎన్నిసార్లు మిషన్ ఆపి సాన మీదకి వెళ్లాడో కత్తిరించేస్తారు. నేను చింత చేవ పట్టేటప్పుడు పావుగంటకోసారి వెళ్లేవాడిని. రిబ్బను ఆగి పొడి రాలడం మొదలైతే మొద్దుబారిందని గుర్తు. అప్పుడు ఇంకొంచెం గట్టిగా నొక్కుదామనిపిస్తుంది. ఆ నొక్కుడే ప్రమాదం. ఇంకా ఏమీ కొనకుండా ముందు మంచి సానరాయి కొను. డబ్బులు చాలకపోతే నేనిస్తాను, మీ నాన్నని అడగొద్దు.

చెక్క గురించి. వీడియోల వాళ్లు మేపుల్, యాష్ చెక్కలంటుంటారు. అవి మనకెందుకు? వేప, మామిడి, నిద్రగన్నేరు మనకి దొరుకుతాయి, ఉలికి లొంగుతాయి. సరుగుడు, జామాయిలు ఆరేకొద్దీ పగుళ్లిస్తాయి, ఇప్పుడే వద్దు. గన్నేరు విషం, తినే గిన్నెకి అసలు పనికిరాదు. ఎర్రచందనం ముక్క చవగ్గా ఇస్తామని ఎవరన్నా ఆశ పెడితే అక్కడే తుంచెయ్. మన వెలిగొండల్లో పెరిగే చెట్టే అయినా, అనుమతి లేకుండా ఇంట్లో ఉంచుకోవడమే నేరం. ఇక పచ్చి చెక్క తెస్తే కోసిన రోజే రెండు చివర్లకీ మైనమో పాత పెయింటో పూసి నీడలో పెట్టు. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయి, దుంగ ఒక లెక్కా? అంగుళం మందానికి ఏడాది ఆరాలి. సన్న పగులున్న చెక్కని గమ్ము పెట్టి తిప్పొద్దు, పొయ్యిలో పెట్టు.

ఇప్పుడు అసలు సంగతి.

చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని, మెడ మీద ఈ గీత ఏంది మామా అని అడిగావు. ఎద్దు పగ్గం రాసుకుందని చెప్పాను. అది అబద్ధం.

1983లో నాకు ఇరవై నాలుగేళ్లు. తెల్లారితే ఒక పెళ్లి, సారెలోకి పట్టె మంచం ఇవ్వాలి. మూడు కోళ్లు అయినాయి, నాలుగోది లేత్ మీదుంది. నాన్న నెల్లూరు వెళ్లాడు, పనిలో ఉండే కుర్రాడు ఇంటికెళ్లిపోయాడు. రాత్రి తొమ్మిదయింది. ఉప్పుకాగితం పట్టడం అయిపోయింది, మెరుగు పెట్టాలి. నాన్న ఎప్పుడూ కోలు ఆపి మెరుగు నూనె రాసేవాడు, ఆరనిచ్చేవాడు. నాకు అంత ఓపిక లేదు. తిరుగుతుంటే గుడ్డతో అదిమితే ఒక్క నిమిషంలో మెరుస్తుందని అప్పటికే కనిపెట్టాను. నాలుగైదుసార్లు చేశాను కూడా. ఏమీ కాలేదు, అదే నన్ను చెడగొట్టింది. గుడ్డ వెతకడానికి కూడా బద్ధకించాను. మెడలో తువ్వాలుంది. దాని కొస పట్టుకుని కోలు కింద ఆనించాను.

ఒక కణుపు అంచుకి తువ్వాలు పట్టుకుంది. వదిలేద్దామనుకునే లోపలే రెండు చుట్లు చుట్టుకుంది. నా తల కిందకి పోయింది. మెరుగు పెట్టేటప్పుడు తీసెయ్యాల్సిన ఉలి ఆనించే కడ్డీని తియ్యలేదు, దానికి జబ్బ ఎముక కొట్టుకుని విరిగింది. మెడ చుట్టూ తువ్వాలు బిగుసుకుంటోంది. స్విచ్ తలుపు పక్కన గోడకుంది. ఆరడుగులే. చెయ్యి చాపితే గాలి తప్ప ఏమీ లేదు. అరుద్దామంటే గొంతు రాలేదు.

మీ అమ్మకి అప్పుడు పదమూడేళ్లు. పొట్టు పొయ్యిలోకి పొట్టు ఎత్తుకుపోవడానికి రోజూ బక్కెట్టుతో వచ్చేది. ఆ రాత్రి పెరట్లో ఉంది. మిషన్ శబ్దం మారిందంట. రోజూ వినే శబ్దం కదా, అది మూలిగినట్టు వినపడిందంట. ఇంకెవరూ గుర్తు పట్టి ఉండేవాళ్లు కాదు. పరుగెత్తుకొచ్చి స్విచ్ ఆపింది. అంతటితో ఆగలేదు. ముడి విప్పడానికి రాలేదు, నా ముఖం నల్లబడుతోంది. నేను ఎప్పుడూ ముట్టుకోనివ్వని ఉలి తీసుకుని, నా మెడకీ తువ్వాలుకీ మధ్య వేలు దూర్చి కోసింది. ఆమె ఎడమ చూపుడువేలు మీద మచ్చ ఉంది చూడు. కూరగాయలు కోస్తుంటే తెగిందని నీకు చెప్పి ఉంటుంది.

ఆరు వారాలు కట్టుతో పడుకున్నాను. నాలుగో కోలు నాన్న పూర్తి చేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు, స్విచ్ మాత్రం విప్పి లేత్ పక్కనే, ఎడమ చేతికి అందేట్టు పెట్టించాడు.

నేను లేచాక మీ అమ్మ ఒక రోజు అడిగింది, "అన్నా, నన్నూ ఒకసారి పట్టనీ" అని. ఆడపిల్లకి ఎందుకన్నాను. నా ప్రాణం కాపాడిన చెయ్యి అది, నోరెట్టా వచ్చిందో. ఆమె మళ్లీ అడగలేదు. మన ఉదయగిరిలో ఎంతమంది ఆడవాళ్లు బిక్కి, నర్ది కర్రతో చెంచాలు, గరిటెలు చెక్కి బతుకుతున్నారో రోజూ చూస్తూనే ఉన్నాను. చూసిన ప్రతిసారీ నాకు ఆ రోజే గుర్తొస్తుంది.

నువ్వు చూసే వీడియోల్లో పెద్దపెద్ద పనివాళ్లు కూడా గుడ్డతో మెరుగు పెడుతుంటారు. నువ్వు పెట్టొద్దు. టిష్యూ కాగితం వాడు, పట్టుకుంటే చిరిగిపోతుంది. ఏటికొప్పాక వాళ్లు అంకుడు కర్ర బొమ్మలకి లక్క కడ్డీనే నేరుగా అదుముతారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. ఆ పని నీకు తర్వాత చూపిస్తాను.

ఇంకొకటి. వీడియోలో మనిషికి నువ్వు కనపడవు, పాపా. నీ ఉలి వంకర ఆయనకి తెలియదు, నీ మిషన్ మూలిగితే ఆయనకి వినపడదు. కాబట్టి ఇంట్లో ఎవరూ లేనప్పుడు, రాత్రిళ్లు, ఆఫీసు పనితో అలిసిపోయి ఉన్నప్పుడు స్విచ్ వెయ్యొద్దు. చెవుల్లో పాటలు పెట్టుకోవద్దు. తలుపు గడియ పెట్టొద్దు. స్విచ్ ఎక్కడుందో మీ అమ్మకి చూపించు. ఆమెని టెన్షన్ పెట్టినట్టు అవుతుందని దాచొద్దు. శబ్దం ఆమెకి తెలుసు. గట్టిగా రాస్తున్నానని బాధపడకు, నీకు ఈ పని వచ్చి తీరాలనే నా ఆశ.

ఆదివారం పామూరు మీదుగా వచ్చే బస్సుకి వస్తున్నాను. కోయించి పెట్టిన వేప దుంగలున్నాయి, బాగా ఆరినాయి, రెండు తెస్తాను. నాన్న ఉలి ఒకటి సానపెట్టి తెస్తాను. అది మీ అమ్మకి. మొదటి అప్పడాల కర్ర ఆమె చేత పట్టించాలి, రెండోది నువ్వు. ఆమెకి ముందే చెప్పకు, వద్దంటుంది. అప్పటిదాకా ఆ మిషన్ ప్లగ్గు పీకి ఉంచు.

మీ పెద్దమామ