రెండో బ్యాటరీ తర్వాత, ముందు మల్టీమీటర్ పట్టుకోండి

ప్రశ్న: డిక్కీలో 1000 వాట్ల ఆంప్ (యాంప్లిఫయర్), 12 అంగుళాల సబ్‌వూఫర్ పెట్టించాను. బేస్ పడినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి. రెండు రోజులు బండి తీయకపోతే సెల్ఫ్ అందుకోవట్లేదు. పెద్ద బ్యాటరీ వేయించాలా, రెండోది పెట్టించాలా?

జవాబు:

ఇప్పుడే రెండూ వద్దు. మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. లైట్లు మసకబారడం బండి నడుస్తున్నప్పటి సంగతి, బ్యాటరీ దిగిపోవడం బండి ఆగి ఉన్నప్పటి సంగతి. పెద్ద బ్యాటరీ వేస్తే మొదటిది కాస్త తగ్గినట్టు కనిపిస్తుంది. రెండోది రెండు రోజులకు బదులు మూడు రోజులకు వస్తుంది, అంతే. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ కరెంటు ఇచ్చేది ఆల్టర్నేటర్. మోటారు చిన్నదైతే మిద్దె మీద ట్యాంకు ఎంత పెద్దది కట్టినా లాభం లేదు కదా, ఇదీ అంతే.

ముందు ఆగి ఉన్న బండి సంగతి చూద్దాం. తాళం తీసి, తలుపులు లాక్ చేసి అరగంట ఆగండి. చీకట్లో డిక్కీ తెరిచి ఆంప్ వైపు చూడండి. దాని మీద చిన్న లైటు ఇంకా వెలుగుతోందా, చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉందా? అయితే దొంగ దొరికినట్టే. పాట లేకపోయినా, ఆన్‌లో ఉన్న పెద్ద ఆంప్ ఒకటి నుంచి రెండు ఆంపియర్ల దాకా తాగుతూనే ఉంటుంది. ఒక్క ఆంపియరే అనుకున్నా రెండు రోజులకు 48 ఆంపియర్ అవర్లు. మీ బ్యాటరీ 45 ఆంపియర్ అవర్లదైతే ఇక సెల్ఫ్ ఎలా అందుకుంటుంది?

కారణం దాదాపు ఎప్పుడూ రిమోట్ వైరే. స్టీరియో వెనక తెల్ల చార ఉన్న నీలం వైరు ఆంప్‌ను ఆన్ చేయడానికి ఉంటుంది. స్టీరియో ఆన్‌లో ఉంటే దాంట్లో 12 వోల్టులు, ఆపితే సున్నా రావాలి. పని తొందరగా అయిపోతుందని దాన్ని బ్యాటరీ ప్లస్‌కే కలిపేసేవాళ్లు ఉన్నారు. ఇంకో తప్పు, స్టీరియో పసుపు వైరునూ ఎరుపు వైరునూ కలిపి మెలేయడం. పసుపు మెమరీ కోసం ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎరుపు తాళం తిప్పితేనే వచ్చేది. రెండూ కలిస్తే తాళం తీసినా స్టీరియో ఆగదు, రిమోట్ కూడా ఆగదు. కంపెనీ స్టీరియోకి రిమోట్ వైరు లేకపోతే, తాళంతో ఆగిపోయే ఫ్యూజ్ నుంచి, పక్కకు వైరు తీసే ఫ్యూజ్ ట్యాప్‌తో, 2 ఆంపియర్ల ఫ్యూజ్ వేసి తీసుకోండి.

లైటు వెలగకపోతే కొలవాలి. బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీసి, 10 ఆంపియర్ల రేంజ్‌లో పెట్టిన మీటర్‌ను టెర్మినల్‌కీ తీసిన వైరుకీ మధ్య కలపండి. మీటర్ అలా ఉండగా తాళం తిప్పొద్దు, మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది. తలుపు గొళ్లాన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసినట్టు చేయండి. మొదట రీడింగ్ ఎక్కువే వస్తుంది, కంగారు పడొద్దు, కంట్రోల్ యూనిట్లు నిద్రపోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే బండి బాగున్నట్టు. ఎక్కువ ఉంటే ఆంప్ ఫ్యూజ్ పీకి చూడండి. రీడింగ్ పడిపోతే తప్పు ఆంప్ వైపే.

ఇక మసకబారే లైట్లు. 1000 వాట్లు ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల పవర్) ఇచ్చే క్లాస్ డీ (కరెంటు తక్కువ వృథా చేసే రకం) ఆంప్ సామర్థ్యం 80 శాతం అనుకుంటే 1250 వాట్లు లాగుతుంది. 13.8 వోల్టుల దగ్గర అది 90 ఆంపియర్లు. చిన్న కార్ల ఆల్టర్నేటర్ మొత్తం ఇచ్చేదే 70 నుంచి 90, ఐడిల్‌లో అయితే దాంట్లో సగం కూడా కష్టం. ఏసీ, ఫ్యాన్, హెడ్‌లైట్లు తీసుకున్నాక మిగిలేది ఏమీ ఉండదు. కానీ పాట అంటే ఆగకుండా మోగే టోన్ కాదు. సగటున లాగేది మూడో వంతు చుట్టూ ఉంటుంది, దెబ్బ పడిన క్షణంలో లోటును బ్యాటరీ పూడుస్తుంది. కాబట్టి వైరింగ్ సరిగ్గా ఉంటే మీ సైజు సెట్టును మామూలు ఆల్టర్నేటరే చాలావరకు మోస్తుంది.

వైరింగ్ సరిగ్గా ఉందో లేదో మీటరే చెబుతుంది. ఇంజిన్ 1500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, మామూలుగా వినే వాల్యూమ్‌లో బేస్ ఉన్న పాట పెట్టి, బ్యాటరీ దగ్గరా ఆంప్ టెర్మినళ్ల దగ్గరా మినిమమ్ రీడింగ్ పట్టుకోండి. బ్యాటరీ దగ్గర 13.4, ఆంప్ దగ్గర 11.6 వచ్చిందనుకోండి, మధ్యలో 1.8 వోల్టుల్ని వైర్లే తినేశాయి. అర వోల్టు దాటకూడదు. రెండు చోట్లా కలిసికట్టుగా 12.6 కిందికి జారితే మాత్రం ఆల్టర్నేటర్ చాలట్లేదు.

వైర్లే తింటుంటే, ఆంప్ మైనస్ వైరును బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు ముందు విప్పండి. లగ్ (వైరు చివరి రింగు) కింద రేకు చూడండి. పెయింటు చెక్కుచెదరకుండా ఉండి, బోల్టు చుట్టూ సన్నగా గీరుకున్న గీత మాత్రమే మెరుస్తుంటే, ఇన్నాళ్లూ 90 ఆంపియర్లు వెళ్లింది ఆ గీత గుండా, మర గుండా. లగ్ వెడల్పు మేర మెరిసే లోహం వచ్చేదాకా గీకి, గట్టిగా బిగించి, తుప్పు పట్టకుండా పైన పెయింటు పూయండి. ఎర్త్ వైరు అర మీటరు మించకూడదు, మందం ప్లస్ వైరుకు తగ్గకూడదు. సీటు బెల్టు బోల్టు జోలికి అసలు పోవద్దు.

తర్వాత ప్లస్ వైరు. బ్యాటరీ నుంచి డిక్కీకి 5 మీటర్లు, 90 ఆంపియర్లు అనుకుంటే, 8 గేజ్ (నంబరు తగ్గేకొద్దీ వైరు లావు) రాగి వైరులో 0.9 వోల్టులు పోతాయి. 4 గేజ్‌లో 0.37, 50 చదరపు మి.మీ. పైన ఉండే సున్నా గేజ్‌లో 0.15. ఇవి రాగి లెక్కలు. కిట్లలో వచ్చేది తరచూ రాగి పూత వేసిన అల్యూమినియం. పైన లావుపాటి తొడుగు, లోపల బక్క తీగ. బ్లేడుతో ఒక పోగు గీరితే తెల్లగా బయటపడుతుంది. దాంట్లో నిరోధం రాగికి దాదాపు ఒకటిన్నర రెట్లు, కాబట్టి ఒక సైజు పెంచాల్సిందే. కొనేవాళ్లకు కనిపించేది తొడుగే కదా అని ఇలా అమ్మడం నాకు అస్సలు మింగుడుపడదు. ఫ్యూజ్ బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపు ఉండాలి. అది కాపాడేది ఆంప్‌ని కాదు, వైరుని. 4 గేజ్ రాగికి 150 ఆంపియర్లు చాలు.

బానెట్ కింద కూడా మూడు వైర్లు అదనంగా వేయండి: ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీ ప్లస్‌కి ఫ్యూజ్‌తో, బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి, ఇంజిన్ బ్లాక్ నుంచి బాడీకి. పాతవి తీయక్కర్లేదు.

లైట్లు మసకబారకుండా కెపాసిటర్ (కాస్త కరెంటు దాచుకుని ఒక్కసారిగా ఇచ్చేది) పెట్టమని ఎవరైనా చెబితే లెక్క అడగండి. 1 ఫారడ్ కెపాసిటర్ 14.4 నుంచి 12 వోల్టులకు దిగేలోపు ఇచ్చేది 32 జౌల్స్. 1250 వాట్ల ఆంప్‌కు అది సెకనులో నలభయ్యో వంతు. డ్రమ్ దెబ్బ ఒక్కటి పూర్తయ్యేలోపే ఖాళీ.

ఆంప్ మీది గెయిన్ (స్టీరియో సిగ్నల్ ఎంత పెంచాలో చెప్పే నాబ్) కూడా చూడండి. బేస్ బూస్ట్ పెంచి, గెయిన్ చివరిదాకా తిప్పితే సిగ్నల్ క్లిప్ అయి, అంటే అలల కొనలు తెగి చదరపు ఆకారంలోకి మారుతుంది, సగటు కరెంటు అమాంతం పెరుగుతుంది, వాయిస్ కాయిల్ (స్పీకర్ లోపలి తీగచుట్ట) కాలుతుంది. బూస్ట్ సున్నాలో పెట్టి, స్పీకర్ వైరు విప్పి, స్టీరియో ముప్పావు వాల్యూమ్‌లో 50 హెర్ట్జ్ టోన్‌తో అవుట్‌పుట్ ఏసీ వోల్టేజ్ కొలవండి. 2 ఓముల లోడుకు 1000 వాట్లంటే 44.7 వోల్టులు. అక్కడ ఆపండి.

ఇవన్నీ అయ్యాక కూడా చాలకపోతే మొదట పెద్ద ఆల్టర్నేటర్, ఆ తర్వాతే రెండో బ్యాటరీ, అదీ ఐసోలేటర్‌తో, అంటే ఇంజిన్ ఆగినప్పుడు రెండు బ్యాటరీలను విడదీసే పరికరంతో. కొత్త బండ్లలో ఆల్టర్నేటర్ వోల్టేజ్‌ను కంప్యూటర్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. వాటికి మామూలు రిలే ఐసోలేటర్ పనికిరాదు, రెండో బ్యాటరీకి సరైన వోల్టేజ్ తనే తయారుచేసి ఇచ్చే డీసీ-డీసీ చార్జర్ కావాలి. ఆ బండ్ల బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద కరెంటును లెక్కపెట్టే సెన్సర్ ఉంటుంది, ఆంప్ ఎర్త్‌ను ఆ టెర్మినల్‌కే నేరుగా కలిపితే సెన్సర్ లెక్క తప్పుతుంది. బాడీకే కలపండి.

ఇంజిన్ ఆపి వినాలంటే అరగంట, అంతకు మించొద్దు. సగటున 25 ఆంపియర్లు లాగితే 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ గంటలోపే సగం దాటిపోతుంది.

మీ బ్యాటరీ ఈపాటికి కొన్నిసార్లు పూర్తిగా దిగిపోయి ఉంటుంది, లెడ్ యాసిడ్‌కు అది పడదు. తిప్పుతుంటే అదే ఎక్కుతుందిలే అని ఆల్టర్నేటర్ మీద వదలకండి. బయట చార్జర్‌తో 4 ఆంపియర్ల దగ్గర నిండేదాకా పెట్టి, తీసి, 12 గంటలు ఏమీ కలపకుండా వదిలి కొలవండి. 12.6 నిలబడితే బ్యాటరీ చార్జ్ పట్టుకుంటున్నట్టే, లోడ్ టెస్ట్ (పెద్ద కరెంటు లాగి చూసే పరీక్ష) కూడా చేయించి దాన్నే వాడుకోండి. 12.4 కిందికి జారిందంటే అప్పుడు మార్చండి, అదీ రిమోట్ వైరు సరిచేశాకే.