అమ్మ కూర్చునే వైపు పగులు

చిరంజీవి శిరీషకి పెదనాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మని, పిల్లాణ్ణి ఎక్కించుకుని హైదరాబాదు నుంచి ఒంగోలు దాకా నువ్వే కారు తోలుకొస్తున్నావని మీ పెద్దమ్మ చెప్పింది. మన ఇంట్లో స్టీరింగ్ పట్టిన మొదటి ఆడపిల్లవి. వీధిలో నలుగురికి చెప్పేదాకా నాకు ఆగలేదు. ఆ తర్వాత నువ్వు పంపిన ఫొటో చూశాను. ముందు అద్దం మీద ఎడమ అంచు నుంచి జానెడు పగులు. "పక్క సీటు వైపే కదా పెదనాన్నా, నాకేం అడ్డు లేదు, ఊరికొచ్చాక మార్పిద్దాం" అని రాశావు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ఫోన్లో చెబితే సరే సరే అని పెట్టేస్తావు. అందుకే రాసి పంపుతున్నాను.

టైర్లలో గాలి, స్టెప్నీ, ఆయిలు, కాగితాలు నువ్వు చూసుకుంటావు. వాటి గురించి చెప్పను.

నీకు అడ్డు లేదు, సరే. ఆ పక్క సీట్లో కూర్చునేది ఎవరమ్మా? మీ అమ్మే కదా! నీ ఎయిర్‌బ్యాగు స్టీరింగ్‌లోంచి నేరుగా నీ ముందుకి వస్తుంది. పక్క సీటుది చాలా కార్లలో డ్యాష్‌బోర్డు మీద నుంచి పైకి లేచి, అద్దానికి ఆనుకుని, అప్పుడు మనిషి వైపు వస్తుంది. ఆనుకునే అద్దమే నిలవకపోతే ఆ సంచి ఉండాల్సిన చోట ఉండదు. బండి పల్టీ కొడితే పైకప్పు అణగకుండా కాసేవాటిలో కూడా ఈ అద్దం ఒకటి.

రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది, ఊడి మీద పడదు అని మెకానిక్ ధైర్యం చెప్పాడన్నావు. నిజమే. పక్క అద్దాలు పగిలితే శనగ గింజల్లా రాలిపోతాయి, ఇది రాలదు. రాలనంత మాత్రాన బలం ఉన్నట్టు కాదు. అందులోనూ నీది అంచు నుంచి మొదలైన పగులు. గతుకుల్లో బండి మెలితిరిగినప్పుడల్లా అది ఇంకాస్త పాకుతుంది. రూపాయి బిళ్ళంత చుక్కగా ఉన్నప్పుడే చూపించి ఉంటే రెసిన్ అనే జిగురు ఎక్కించి అక్కడికి ఆపేవాళ్ళు. ఎన్నాళ్ళు నాన్చావో ఏమో! ఇప్పుడు మార్చాల్సిందే.

పైగా తెల్లవారుజామునే బయల్దేరతానంటున్నావు. చౌటుప్పల్ దాటేసరికి సూర్యుడు నీ కళ్ళకి ఎదురుగా ఉంటాడు. నార్కెట్‌పల్లి దాకా దాదాపు తూర్పు ముఖంగానే ప్రయాణం. ఆ వెలుగులో పగులు ఎంత మెరుస్తుందో నువ్వు ఇంకా చూడలేదు. నేను చూశాను, రాత్రిపూట.

మీ నాన్న నీకు ఈ సంగతి చెప్పి ఉండడు. వాడు వారం నుంచి ఇక్కడే ఉన్నాడు కదా, ఇప్పుడు పక్క గదిలో నిద్రపోతున్నాడు. నువ్వు పుట్టకముందు మేమిద్దరం ఒక సుమో కొని కిరాయికి తిప్పేవాళ్ళం. చీమకుర్తి రోడ్డులో పట్టా కప్పని టిప్పర్ వెనక పోతుంటే కంకర రాయి ఎగిరొచ్చి అద్దానికి టప్పున తగిలింది. చొక్కా గుండీ అంత చుక్క పడింది. మర్నాడు నెల్లూరికి పెళ్ళి కిరాయి ఉంది. అద్దం మార్పిద్దామంటే బండి ఆగిపోతుంది. మీ నాన్న ఏం చేశాడో తెలుసా? పెళ్ళివారి కంట పడకుండా ఆ చుక్క మీద ఆంజనేయస్వామి స్టిక్కర్ అంటించాడు.

వైశాఖ మాసం, మిట్టమధ్యాహ్నం. కల్యాణ మండపం బయట బండి ఎండకి మాడిపోతోంది. దుమ్ముగా ఉందని మీ నాన్న బకెట్టు బోరు నీళ్ళు తెచ్చి అద్దం మీద దిమ్మరించాడు. స్వామివారి కింద నుంచి గీత బయల్దేరి, మేం చూస్తుండగానే డ్రైవరు ముందు నుంచి అటు చివరి దాకా పోయింది. వేరే బండి మాట్లాడదామంటే కిరాయి పోతుందని వాడి బాధ. "నెమ్మదిగా పోదాంలే అన్నయ్యా" అన్నాడు.

రాత్రి తిరుగు ప్రయాణం. ఎదురు లారీ లైట్లు పడ్డప్పుడల్లా ఆ గీత మొత్తం తెల్లగా వెలిగేది, దాని వెనక రోడ్డు కనబడేది కాదు. కావలి దాటాక అలా వెలిగి ఆరేసరికి మా ముందు పొగాకు బేళ్ళ ట్రాక్టరు ఉంది. వెనక లైటు లేదు. నేను అరిచాను, మీ నాన్న పక్కకి కోశాడు. బండి మార్జిన్ దిగి తుమ్మచెట్టుకి కొట్టుకుని ఆగింది. పెళ్ళికొడుకు నాయనమ్మ చెయ్యి విరిగింది. పాపం, ఆవిడ మమ్మల్ని ఒక్క మాట అనలేదు, మంచినీళ్ళు అడిగింది. ఆ చెయ్యి అతుక్కునేదాకా మీ నాన్న పళ్ళు పట్టుకుని వాళ్ళ ఊరు వెళ్ళి చూసొచ్చేవాడు. నువ్వు కారు నేర్చుకుంటానంటే అన్నాళ్ళు వద్దన్నాడని అలిగావు. నీ మీద నమ్మకం లేక కాదు తల్లీ.

ఇప్పుడు చెయ్యాల్సింది విను. ఇన్సూరెన్సు కాగితం తీసి చూడు. ఒట్టి థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్ళ నష్టానికే ఇచ్చేది అయితే అద్దానికి పైసా రాదు. ఓన్ డ్యామేజ్, అంటే మన బండి నష్టానికి ఇచ్చేది కూడా ఉంటే వస్తుంది, గాజుకి పాతదైందని తరుగు కొయ్యరు. క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో తగ్గించే నో క్లెయిమ్ బోనస్ పోతుందా అని మాత్రం అడుగు. పని మొదలుపెట్టక ముందే ఇన్సూరెన్సు వాళ్ళకి చెప్పి ఫొటోలు పంపు. కొత్త అద్దం మూల ఐ.ఎస్. 2553 అనే సేఫ్టీ గాజు ప్రమాణం ముద్ర ఉందో లేదో చూడు. అతికించిన గమ్ము గట్టిపడేదాకా ఎన్ని గంటలు కదపకూడదో అద్దం బిగించేవాళ్ళనే అడిగి, దానికి ఒక పూట కలుపుకో. ఆ రోజంతా తలుపులు ధడేలున వెయ్యకు, కిటికీ కాస్త దించి ఉంచు. అద్దం వెనక కెమెరా ఉన్న మోడల్ అయితే దాన్ని మళ్ళీ సరిచేయించాలి. పాత అద్దంతో ఫాస్టాగ్ కూడా పోతుంది, కొత్తది తీసుకోకుండా టోల్‌గేటు దాకా రాకు.

అంతవరకూ కారు నీడలో పెట్టు. ఎండలో నిలిపిన కారెక్కి వెంటనే ఏసీ గాలి అద్దం మీదికి తిప్పకు. ముందు తలుపులు తీసి వేడి పోనివ్వు. నీళ్ళు పొయ్యొద్దని మళ్ళీ చెప్పక్కర్లేదనుకుంటాను.

అద్దం దొరకడం ఆలస్యమైతే మొండికెయ్యకుండా సింహపురి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు చెయ్యి. స్టేషన్‌కి నేనే వస్తాను. ఇక్కడున్నన్నాళ్ళూ మా కారు నీదే, చీరాల సముద్రానికి నువ్వే తోలుదువుగాని. అద్దం బిల్లు నాకు పంపు, సగం నేనిస్తాను. మీ నాన్నకి మాత్రం ఈ ఉత్తరం చూపించకు.

మీ పెదనాన్న