అరిగిన నాగలి కర్రుకు వెల్డింగ్ పెట్టించినా మళ్లీ వెంటనే ఎందుకు అరిగిపోతుంది?

మామూలు 6013 రాడ్‌తో పెట్టిన లోహం మెత్తని ఇనుమే కాబట్టి ఇసుక రాపిడికి ఆగదు. పైపొరకు హార్డ్‌ఫేసింగ్ రాడ్ (అరగని గట్టి పొర వేసే వెల్డింగ్ రాడ్) వాడాలి.

కర్రును తినేసేది మట్టిలోని ఇసుక రేణువులు. అవి మెత్తని ఇనుము కన్నా చాలా గట్టివి, గీసుకుంటూ పోతాయి. హార్డ్‌ఫేసింగ్ రాడ్‌లో క్రోమియం, కార్బన్ ఎక్కువ. కరిగిన లోహం గడ్డకట్టేటప్పుడు ఆ రెండూ కలిసి ఇసుక కన్నా గట్టివైన కార్బైడ్ పలుకులవుతాయి. పొర గట్టిదనం రాక్‌వెల్ సి కొలతలో 55-60 దాకా వస్తుంది.

మొన 15 మి.మీ. అరిగిందనుకోండి. అంత మేరా హార్డ్‌ఫేసింగే పెడితే పెచ్చులూడుతుంది. ముందు తుప్పు గ్రైండర్‌తో తీసి, 200 డిగ్రీల దాకా వేడిచేసి, బాగా ఆరబెట్టిన 7018 రాడ్‌తో (పగుళ్లు రాకుండా గట్టిగా అతికే రకం) ఆకారం తేవాలి. (ఇంకా ఎక్కువ పోతే కొత్త మొన ముక్క అతికించడమే చౌక.) ఆపైన హార్డ్‌ఫేసింగ్ రెండు పొరలు, అదీ ఒక్క ముఖం మీదే. రెండో ముఖం ముందు అరుగుతుంది కాబట్టి అంచు తనంతట తానే పదునుగా ఉంటుంది.

కొలిమి పనిలోలా వేడి మీద నీళ్లలో ముంచితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. ఈ పొరకు గట్టిదనం కార్బైడ్ వల్లే వస్తుంది, నీళ్ల వల్ల కాదు. ముంచితే కింది కార్బన్ స్టీల్ పెళుసై, రాయి తగలగానే విరుగుతుంది. పొడి బూడిదలో పెట్టి నిదానంగా చల్లారనివ్వాలి. పొర మీద అడ్డంగా కనిపించే సన్న పగుళ్లు మాత్రం ఈ రాడ్ తీరే, లోపం కాదు.